పిట్ట ముందు ఆకు

అనగనగా అనగానే మరీ వెనక్కి పోకండి పిల్లలూ. కెమెరాలు వచ్చాక కూడా ఒక రాజుగారు మిగిలి ఉన్నారనుకోండి. ఆయనకొక అడవి. ఆ అడవికి కాపరి కావలసి వచ్చింది.

పొడుగు తోక పిగిలిపిట్టను గూట్లో ఉండగా ఫొటో తీసి తెమ్మనీ, మూడు రోజుల్లో ఎవరు బాగా తీస్తే వారిదే కాపరి కొలువనీ చాటింపు వేయించారు.

నాంచారమ్మ తండ్రి ఆ అడవిని కాస్తూనే కన్నుమూశాడు. ఆమె ప్రాణమంతా ఆ కొలువు మీదే. ఆమె కెమెరాకు పొడవాటి లెన్సు, చంటిబిడ్డంత బరువు. నిలబెట్టడానికి స్టాండు లేదు. మోచేతులు డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి, చేతుల మీదే తీయాలి.

గూడు దొరికింది. కానీ పిట్ట ముఖానికి అడ్డంగా ఒక ఆకు. గాలికి ఆకు తొలగాలి, ఆ క్షణానే మీట నొక్కాలి.

మొదటిరోజు గాలే లేదు. రెండోరోజు గాలి వచ్చేసరికి చేతులు వణికి బొమ్మ అలుక్కుపోయింది. మూడోరోజు పిట్టకే జాలేసింది.

"ఆ రెమ్మ విరిస్తే పోలా అమ్మా? ఎందుకీ తిప్పలు?"

"విరిస్తే నాకు కనిపిస్తావు తల్లీ. కాకికీ కనిపిస్తావు" అంది నాంచారమ్మ.

పొద్దు వాలే వేళ ఆకు సగం లేచింది. ఒక కన్ను కనబడింది. అంతే దక్కింది.

రాజుగారి సభలో చూస్తే, పోటీకి వచ్చిన పక్కూరి రుద్రపతి ఫొటో అద్దంలా ఉంది. గూటి పుల్లలు లెక్కపెట్టొచ్చు. అతను నాంచారమ్మ ఫొటో చూసి, "పిట్టను తీశావా వదినా, తోటకూర కట్టను తీశావా?" అన్నాడు. సభంతా నవ్వింది. ఆమె తల దించుకుంది.

రాజుగారు రుద్రపతికి కొలువు ఇవ్వబోతూ, ఆ ఫొటోను మళ్లీ కళ్ల దగ్గర పెట్టుకున్నారు. గూటి పక్కన కొమ్మ మీద తెల్లగా ఒక పచ్చి గాటు. ఇదేమిటని అడిగారు. అడ్డొచ్చిన రెమ్మలు కొట్టేశానని తడబడకుండా చెప్పాడు రుద్రపతి. అది తప్పని అతనికి తోచనే లేదు.

రాజుగారు ఇద్దరినీ వెంటబెట్టుకుని అడవికి వెళ్లారు. రుద్రపతి ఫొటో తీసిన గూడు ఖాళీగా ఉంది. కింద గుడ్ల పెంకులు, పైన కాకి. నాంచారమ్మ చెట్టు దగ్గర మాత్రం రాజుగారికి మొదట ఏమీ కనబడలేదు. చాలాసేపు నిలబడ్డాక గాలి వీచింది, ఆకు కదిలింది, ఒక కన్ను మెరిసింది.

"అచ్చం నీ ఫొటోలాగే ఉందమ్మా. ఇక ఈ అడవి నీది" అన్నారు రాజుగారు మెల్లగా. రుద్రపతిని మాత్రం ఆమె దగ్గర మూడేళ్లు నిలబడటం నేర్చుకోమన్నారు.

అందుకే పిల్లలూ, దేని అందం చూడాలన్నా ముందు దాని చాటును కాపాడాలి.