మూడో గొంతు

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవి నడుమ ఒక గుహ. ఆ గుహలో ఒక అగ్గిరాయి ఉండేది.

అది మామూలు రాయి కాదర్రా పిల్లలూ. ఎవరూ కట్టె వేయకుండానే, ఎవరూ ఊదకుండానే తనంతట తానే కాగుతూ ఉండేది. చలికాలంలో ఆ అడవిలోని పసికూనలు హాయిగా నిద్రపోయాయంటే దాని వెచ్చదనం వల్లే. అయితే దాన్ని ఎప్పుడూ నీళ్లలో ముంచి ఉంచాలి, లేకపోతే అడవికే నిప్పంటుకుంటుంది. అందుకని గుహలో ఒక మడుగు, మడుగుకు అడ్డంగా ఒక రాతి గోడ. గోడకు అవతల, కొండ దిగువన, అందరూ తాగే వాగు. రాయినీ గోడనూ కనిపెట్టుకుని ఉండే పని ఎలుగుబంట్లది.

పున్నమి వెళ్లిన మర్నాడు పొద్దున ఎలుగుబంట్లు గుహ ముందు సభ పెట్టేవి. వడ్రంగిపిట్ట చెట్టు చెట్టునా టకటకలాడిస్తూ చాటింపు వేసేది.

"సభ ఉందహో! అగ్గిరాయి సంగతి చెబుతారహో! ఎవరైనా రావచ్చు, ఏమైనా అడగవచ్చు!"

ఆ సభకు ఒక కట్టుబాటు ఉంది. ఒక గొంతు అడిగితే ఎలుగులు జవాబు చెబుతాయి. మూడు గొంతులు ఒకే మాట అడిగితే మాత్రం ఆ పని చేసి తీరాలి. ఎప్పుడో ఒక కోతి రోజుకో భయం మోసుకొచ్చి ఎలుగుల్ని ఊరికే పరుగులు పెట్టించిందట. అప్పట్నుంచి ఈ పద్ధతి.

గోడకు దిగువన, వాగు గుండంలో తుంగ అనే నీటికుక్క ఉండేది. ఒకప్పుడు ఆ గుండం నిండా నీటికుక్కలే. నీళ్లు గోరువెచ్చన అవుతున్నాయని ఒక్కొక్కటే పై వాగులకు వెళ్లిపోయాయి. తుంగ వెళ్లలేదు. అది పుట్టింది ఆ నీళ్లలోనే. ఒకరోజు గోడ అడుగున దానికి ఒక బీట కనిపించింది. అందులోంచి వేడినీళ్లు బుడబుడమంటూ వస్తున్నాయి.

తుంగ సభకు వెళ్లింది. అడవి అంతా కూర్చునేంత చోటు. కూర్చున్నది మాత్రం తుంగ ఒక్కతే.

పెద్ద ఎలుగు గొంతు సవరించుకుంది. "సభకు విచ్చేసిన మీ అందరికీ నమస్కారం," అంది.

తుంగ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. "నమస్కారం," అంది.

"ఏమైనా అడుగుతారా?"

"గోడ అడుగున బీట వచ్చింది తాతా. వానలు పడేలోగా పూడ్చండి."

"చూశాం తల్లీ. ఇప్పటికి పరవాలేదు. నువ్వు అడిగావు, నేను చెప్పాను. పూడ్చాలంటే ఇంకో రెండు గొంతులు కావాలి."

తుంగ గొంతులు వెతకడానికి బయల్దేరింది.

ముందు కుందేలు దగ్గరికి వెళ్లింది. "వదినా, ఈసారి సభకు రావూ?"

"ఈ పిల్లల్ని ఎవరికి అప్పజెప్పి రానే? అయినా నువ్వెళ్తున్నావుగా! నువ్వెళ్తే మనందరం వెళ్లినట్టే," అంది కుందేలు.

తర్వాత ముళ్లపంది దగ్గరికి వెళ్లింది. "మామా, నువ్వైనా వస్తావా?"

"మెల్లిగా మాట్లాడు! ఎలుగులు వింటే నొచ్చుకుంటాయి. చలికాలంలో వెచ్చదనం ఇటు రానివ్వకపోతే ఏం చేస్తాం?"

"ఒంటినిండా ముళ్లున్నాయి, నీకూ భయమేనా మామా?"

"ముళ్లు వెనకవైపు ఉన్నాయే పిచ్చిదానా! మాట్లాడాల్సింది ముందువైపు నుంచి," అంది ముళ్లపంది.

చివరికి నెమలి దగ్గరికి వెళ్లింది.

"సభలో ఆడాలా?" అని అడిగింది నెమలి.

"లేదు బావా. కూర్చోవాలి, వినాలి, అడగాలి."

"కూర్చోవడమా! తోక నలిగిపోదూ? ఇదిగో, ఈ ఈక పట్టుకుపో. నేను వచ్చినట్టే అనుకో."

రెండో సభకు తుంగ ఈకను తీసుకెళ్లి పక్కన పెట్టుకుంది. పెద్ద ఎలుగు అందరికీ నమస్కారం చెప్పింది. ఈకను చూసింది.

"ఈక వచ్చింది, సంతోషం. నెమలి ఏది?"

"రాలేదు తాతా. కానీ ఆయన మాట కూడా ఇదే."

"అయితే ఈకను అడగమను, వింటాను."

గాలికి ఈక కొద్దిగా కదిలింది. ఏమీ అడగలేదు.

మూడో సభనాటికి ఆకాశంలో మబ్బులు పట్టాయి. ఆ రోజు పెద్ద ఎలుగు నమస్కారం కూడా మానేసింది. "వచ్చావా తుంగా," అంది, అంతే. తుంగ అదే ప్రశ్న అడిగింది. ఎలుగు అదే జవాబు చెప్పింది. తిరిగి వచ్చాక తుంగ గుండంలో మునిగి, తేలి, ఎవరినో పిలిచినట్టు ఒక కూత పెట్టింది. ఎదుటి ఒడ్డు నుంచి తన కూతే తిరిగొచ్చింది.

నాలుగోసారి వడ్రంగిపిట్ట చాటింపు వేసినప్పుడు తుంగ నీళ్లలోంచి తల మాత్రం పైకి పెట్టింది.

"వెళ్తే ఏముంది? ఆ ఎలుగు, ఆ బండలు, నేను. వెళ్లినా ఒకటే, వెళ్లకపోయినా ఒకటే," అనుకుంది.

సభకు వెళ్లే దారి వదిలేసి పై వాగుకు చేపల కోసం వెళ్లింది. ఆ రాత్రి అక్కడే ఉండిపోయింది.

మర్నాడు కుండపోతగా వాన పడింది. కొండ దిగువన ఏదో కూలిన చప్పుడు. తుంగ పరుగున వచ్చింది. గోడ లేదు. వాగు మీద పొగలా ఆవిరి. తెల్లని పొట్టలు పైకి పెట్టి చేపలు తేలుతున్నాయి. ఒడ్డున గడ్డి ఉడికిపోయింది. గుహలో ఎలుగుబంట్లు ఒగరుస్తూ అగ్గిరాయి మీద మన్ను పోస్తున్నాయి.

ఎత్తు బండ మీద కుందేలు, ముళ్లపంది నిలబడి ఉన్నాయి.

"ఎక్కడికి పోయావే నువ్వు?" అంది కుందేలు. "మొన్న మా చిన్నది వాగులో మూతి పెట్టి కాల్చుకుంది. అప్పుడు తెలిసొచ్చింది. ముళ్లు గుచ్చుకున్నా సరేనని మామను లాక్కుని నిన్న సభకు వచ్చాను. ఇద్దరం అడిగాం."

"మూడో గొంతు ఏదని ఎలుగు అడిగింది," అంది ముళ్లపంది. "తుంగ వస్తుంది, రాకుండా ఉండదు అన్నాం. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా దారివైపే చూస్తూ కూర్చున్నాం."

"నాతో ఒక మాట చెప్పలేదే?"

"చెప్పడమెందుకు? నువ్వు ఎప్పుడూ ఉంటావు కదా!" అంది కుందేలు.

"మీరు ఎప్పుడూ రారు కదా అని..." అంది తుంగ.

తర్వాతి సభకు చోటు చాల్లేదు. నెమలి కూడా వచ్చి, తోక నలుగుతున్నా కదలకుండా కూర్చుంది. అందరూ ఒకే మాట అడిగారు. ఎలుగులు లేచాయి. అందరూ తలా ఒక రాయి అందించారు. పొద్దు వాలేసరికి కొత్త గోడ నిలబడింది.

"బీటగా ఉన్నప్పుడైతే రెండు గంపల బంకమట్టి చాలేది," అంది పెద్ద ఎలుగు, ఎవరి ముఖమూ చూడకుండా.

గోడ వచ్చింది కానీ వాగులోకి చేపలు రాలేదు.

"ఉండిపోవే తుంగా. ఇక మేమందరం వస్తాంగా," అంది కుందేలు.

"ఏం తిని ఉండను వదినా?"

తుంగ వాగు వెంబడి పైకి నడిచింది. రెండు కొండలు దాటాక ఒక చల్లని ఏరు కనిపించింది. అక్కడ దానికి తెలిసినవాళ్లు ఎవరూ లేరు. కొమ్మ మీద ఒక లకుముకిపిట్ట కూర్చుని ఉంది.

తుంగ చేపలు ఎక్కడున్నాయని అడగలేదు. "ఈ ఏటి మంచిచెడ్డలు మాట్లాడే సభ ఎక్కడ జరుగుతుంది?" అని అడిగింది.

పిట్ట నవ్వింది. "ఆ చింతతోపులో. కానీ దానికి ఎవరూ వెళ్లరుగా!"

"ఎప్పుడో చెప్పు. వెళ్లేముందు వచ్చి నిన్ను పిలుస్తాను," అంది తుంగ.

నీతి: అందరి క్షేమం గురించి మాట్లాడే చోట, 'నేనొక్కణ్ణి వెళ్లి ఏం లాభం' అనుకునేవాడూ, 'వేరేవాళ్లు వెళ్తారులే' అనుకునేవాడూ ఖాళీగా వదిలేది ఒకే చోటును.