బుర్రా వారి పొగమాంసం

గుమ్మిడిపేటలో బుర్రా వారి ఇల్లెక్కడని అడిగితే చంటిపిల్లలు కూడా నవ్వుతూ చూపిస్తారు. ఆ నవ్వు మర్యాదే అనుకునేవాడు గవరయ్య. "ఊళ్ళో అందరికీ తలకాయలున్నాయి. కానీ ఇంటిపేరులోనే బుర్ర ఉన్నది మనకొక్కళ్ళకే!" అని అరుగు మీద కూర్చుని మీసం దువ్వుకునేవాడు. తల్లి అసిరమ్మ అవునని ఒకసారి తలూపేది. తమ్ముడు సూరప్పడు రెండుసార్లు ఊపేవాడు. పెళ్ళాం పైడమ్మది వేరే ఇంటిపేరే, కానీ కాపురానికొచ్చి ఎనిమిదేళ్ళయిందేమో, ఆవిడకీ బుర్ర అంటుకుంది.

అంత తెలివిగల ఇంట్లోనూ ఒక దిగులుంది. పైడమ్మ అన్న తవిటయ్య ఆరేళ్ళుగా ఆ ఇంటికి రావడం లేదు.

ఆరేళ్ళ కిందట ఓసారి ఎండన పడి వచ్చాడాయన. చెప్పులు విప్పుతూ, "ఆకలి దంచేస్తోంది. నోట్లో ఇంత ఏదైనా పడెయ్యండర్రా!" అన్నాడు. అంతే! సూరప్పడు ఇంత లావు పచ్చి కందదుంప తీశాడు, ఒక కన్ను మూసి గురి చూశాడు, పడేశాడు. గురి తప్పలేదు. ముందుపళ్ళు రెండు ఊడి అరుగు మీద పడ్డాయి. "ఈ జన్మలో మీ గడప తొక్కను!" అంటూ తవిటయ్య నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చిన దారినే పోయాడు.

"పడెయ్యమన్నది తనే కదన్నయ్యా!" అని సూరప్పడు ఇప్పటికీ అంటూనే ఉంటాడు.

 పైడమ్మ పండగ రోజున అన్న కోసం ఒక కంచం ఎక్కువ కడిగి పెట్టేది. వీధివైపు చూసి చూసి, సాయంత్రానికి దాన్ని మళ్ళీ లోపల బోర్లించేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా గవరయ్య తింటున్న కంచం ముందునుంచి లేచిపోయేవాడు.

గవరయ్య తాపీమేస్త్రీ. విజయనగరంలో ఒక ఇంజనీరుగారింటికి పనిచేశాడు. ఆయనకి బదిలీ అయింది. సామాన్లన్నీ సర్దేశాక పెరట్లో ఒక పింగాణీ పొయ్యి మిగిలింది. పచ్చగా, నున్నగా, ఏనుగు పెట్టిన గుడ్డులా ఉంది. "మేస్త్రీ, ఇది నువ్వు పట్టుకుపో" అన్నాడాయన. వంటమనిషి లాజరు దాన్ని ఆటో ఎక్కిస్తూ చెప్పాడు.

"ఇది పొగపొయ్యి మేస్త్రీ. ఇందులో మాంసం ఆరు గంటలు కట్టెపొగలో నిదానంగా మగ్గుతుంది. ఎముక పట్టుకుని లాగితే ఎముకొక్కటే చేతికొస్తుంది. పళ్ళు లేనోళ్ళు కూడా తినొచ్చు."

పళ్ళు లేనోళ్ళు! గవరయ్య గుండె ఝల్లుమంది.

"ఎలగ చెయ్యాలో చెప్పు లాజరూ!"

"ముందు దీన్ని గుడ్డులా చూసుకో. మాంసానికి ఉప్పూ కారం పట్టించి బాగా ఊరనియ్యి. బొగ్గులు రాజుకున్నాక మామిడిచెక్క వెయ్యి. మూత పెట్టి, దానిమీద ఓ కన్నేసి ఉంచు. దించాక వెంటనే కొయ్యకు. కాసేపు అలా పడుకోనియ్యి. అంతే."

గవరయ్య ఒక్కో మాటకి ఒక్కో వేలు ముడుచుకుని, రెండు పిడికిళ్ళూ విప్పకుండా ఇంటిదాకా వచ్చాడు. అదే రోజు బావకి కబురు పెట్టాడు, "ఆదివారం రా బావా, నమలక్కర్లేని మాంసం పెడతాను" అని. తవిటయ్య తిరుగు కబురంపాడు. "వస్తాను. గడప మాత్రం తొక్కను. వీధిలోనే నిలబడి చెల్లెల్ని చూసి పోతాను."

ఇంకేముంది, ఇల్లంతా సందడి.

"ముందు గుడ్డులా చూసుకోవాలి" అని మొదటి వేలు విప్పాడు గవరయ్య.

"గుడ్డునెలా చూస్తారో నాకు తెలీదేటి?" అంది అసిరమ్మ. పొయ్యి కింద గడ్డి పరిచింది. పైన కోడిపెట్టని ఎక్కించింది. పెట్ట జారిపోయింది. మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ జారింది. ఇంకేముంది, తనే చీర దోపుకుని పొయ్యి మీదెక్కి కూర్చుంది. "పెట్టకి పెద్దదిరా ఇది. నాకే సరిపోయింది" అని శనివారం దాకా పూటకో గంట పొదిగింది.

శనివారం సాయంత్రం రెండు మేకతొడలొచ్చాయి. పైడమ్మ ఉప్పు, కారం, అల్లం, వెల్లుల్లి దట్టంగా పట్టించింది.

"ఇప్పుడు ఊరాలి" అన్నాడు గవరయ్య.

"ఊరడమంటే ఏటన్నయ్యా?"

"ఊరు తిరగడంరా! మాట వింటేనే తెలీడం లేదూ?"

అంతే! సూరప్పడు పళ్ళెం నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు. పెద్దవీధి ఊరాడు. చాకిరేవు ఊరాడు. బడి చుట్టూ మూడుసార్లు ఊరాడు. వెనకాల పదకొండు కుక్కలు కూడా ఊరాయి. తిరిగొచ్చేసరికి పళ్ళెంలో ఒకటే తొడుంది.

"రెండోదేదిరా?"

"అది బాగా ఊరిపోయిందన్నయ్యా. ఊళ్ళోనే ఉండిపోయింది."

ఆదివారం పొద్దున్నే పొయ్యిలో బొగ్గులు పోశారు. గవరయ్య ఇంకో వేలు విప్పాడు. "బొగ్గులు రాజుకోవాలంట."

"బొగ్గు రాజవ్వడమేటండీ?" అంది పైడమ్మ.

"అవదూ మరి, పట్టాభిషేకం చెయ్యకపోతే!"

ఇంకేముంది, అన్నిట్లోకీ పెద్ద బొగ్గు ఏరి నడిమధ్యన కూర్చోబెట్టారు. పైడమ్మ పాత పేపరుతో కిరీటం చేసి పెట్టింది. సూరప్పడు తాటాకుతో వింజామర వీచాడు. గవరయ్య చేతులు కట్టుకుని, "మహారాజా, మా బావ వస్తున్నాడు, దయుంచండి" అని విన్నవించుకున్నాడు. అసిరమ్మ కర్పూరం వెలిగించి హారతిచ్చింది. చెయ్యి వణికి కర్పూరం కిరీటం మీద పడింది. భగ్గుమంది. వింజామర గాలికి బొగ్గులన్నీ అంటుకున్నాయి.

"రాజుగారికి కోపమొచ్చింది! ఎర్రబడ్డారు!" అని నలుగురూ సాష్టాంగపడ్డారు.

తరవాత వేలు, మామిడిచెక్క. ఇల్లంతా వెతికారు. మంచం టేకు. పీట పనస. రోకలి తుమ్మ. గవరయ్య నడుం మీద చేతులు పెట్టుకుని వీధి గుమ్మంలో నిలబడ్డాడు. కిందికి చూశాడు. గడప! తాత పెట్టించిన మామిడి గడప!

ఒక్కసారి బుర్రలో మెరుపు మెరిసింది. "ఒసేయ్ పైడీ! మీ అన్న గడప తొక్కనన్నాడు కదే?"

"అన్నాడు" అని పైడమ్మ కళ్ళొత్తుకుంది.

"గడపే లేకపోతే ఏటి తొక్కకుండా ఉంటాడు?"

పైడమ్మ నోరు తెరిచింది. మొగుడు ఇంత తెలివిగలవాడని తెలుసు గానీ, మరీ ఇంతని తెలీదు. అంతే, గునపం తెచ్చారు. గడపతోపాటు ద్వారబంధమొచ్చింది. ద్వారబంధంతోపాటు తలుపులొచ్చాయి. తలుపులతోపాటు గోడ నాలుగు మూరలు కూలింది. గవరయ్య తాపీమేస్త్రీ కదా, "గోడదేముంది, అది మన చేతిలో పని" అని దుమ్ము దులుపుకున్నాడు. గడపని ముక్కలు చేసి పొయ్యిలో వేశారు. మాంసం లోపలి ఇనప జాలీ మీద పెట్టి మూతేశారు.

"ఇప్పుడు ఓ కన్నేసి ఉంచాలి" అన్నాడు.

సూరప్పడు ఎడమ కన్ను అరచేత్తో మూసి, కుడికన్ను తీసుకెళ్ళి పొగకంతకి ఆనించాడు. రెండు నిమిషాల్లో కన్ను మిరపపండైంది. నీళ్ళు ధారకట్టాయి.

"రెండో కన్ను వెయ్యనా అన్నయ్యా?"

"లాజరు ఒక్కటే అన్నాడు. ఎక్కువేస్తే పాడవుద్దేమో!"

అలా ఏడుస్తూ కాపలా కాశాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, "అయ్యో, ఎవరు పోయారు?" అంటే, "మేక" అన్నాడు. పాపం, వాళ్ళూ కాసేపు ఏడ్చి పోయారు.

గవరయ్యకి ఇక చెయ్యడానికేమీ లేదు. పొయ్యి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. కంతలోంచి నీలంగా, దారప్పోగులా పొగ లేస్తోంది. మొదట ఉత్త మామిడికట్టె వాసన. గంట తిరిగేసరికి అందులో అల్లం కలిసింది. ఇంకో గంటకి కొవ్వు కరిగి బొగ్గుల మీద చుయ్యిమంది, వాసన కమ్మగా, బరువుగా మారింది. పొరుగువాళ్ళు ఏదో ఒక వంకతో గోడ మీంచి తొంగి చూస్తున్నారు. తొందరలేని వంట ఇంత హాయిగా ఉంటుందని గవరయ్యకి తెలీదు. లేచి అటూ ఇటూ తిరిగినా మళ్ళీ అక్కడికే వచ్చి కూర్చున్నాడు. 'బావ తింటాడు' అనుకున్నాడు. 'తినకపోతేనో?' అని కూడా అనుకున్నాడు.

మూడింటికి మూత తీశారు. తొడ పైన నల్లగా నిగనిగలాడుతోంది. వేలితో నొక్కితే లోపలికి దిగుతోంది. గవరయ్య చివరి వేలు విప్పాడు. "పడుకోనియ్యాలి."

అసిరమ్మ నులకమంచం వాల్చింది. దిండేసింది. మాంసాన్ని అరిటాకులో చుట్టి పడుకోబెట్టి, మెడదాకా దుప్పటి కప్పింది. పైడమ్మ విసనకర్ర తెచ్చింది. ముసలమ్మ జోలపాట ఎత్తుకుంది.

సరిగ్గా అప్పుడే తవిటయ్య వచ్చాడు. వీధిలో ఆగాడు. ఇల్లయితే అదే. గుమ్మం మాత్రం లేదు. గుమ్మం ఉండాల్సిన చోట ఎద్దులబండి పట్టేంత కంత ఉంది.

"చెల్లీ! ఏటయిందే?"

"ష్ష్!" అన్నారు నలుగురూ.

"ఎవరికేటయింది? మంచం మీద ఎవరు?"

"మేక, బాబూ" అంది అసిరమ్మ గుసగుసగా. "ఇప్పుడే కన్నంటుకుంది."

పైడమ్మ పరిగెత్తుకొచ్చి కంతకి ఇవతలే ఆగింది. "రా అన్నయ్యా. నువ్వు గడప తొక్కనన్నావని, మీ బావ గడపే లేకుండా చేశాడు."

తవిటయ్య కింద చూశాడు. నిజమే, గడప లేదు. గవరయ్య వంక చూశాడు. గవరయ్య మొహాన మసి, జుట్టులో గోడ సున్నం, చేతులు జోడించుకుని నిలబడ్డాడు. తవిటయ్య తనకి కోపం వస్తుందేమోనని కాసేపు చూసుకున్నాడు. రాలేదు. నవ్వొచ్చింది. నవ్వుతూనే లోపలికొచ్చేశాడు.

మేకని మెల్లగా నిద్రలేపారు. తవిటయ్య ఎముక పట్టుకుని లాగితే ఎముకొక్కటే చేతికొచ్చింది. ముక్క నోట్లో పెట్టుకున్నాడు. పైనున్న నల్లటి పొర కొంచెం కరకరలాడి, ఉప్పగా, కారంగా తగిలింది. లోపలిది దూదిలా విడిపోయింది.  రెండోసారి పెట్టించుకున్నాడు. మూడోసారి తనే తీసుకున్నాడు. పైడమ్మ పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. ఆవేళ ఆ ఇంట్లో కంచాలన్నీ ఎంగిలయ్యాయి.

"బావా! రుచంతా ఆ పొగలోనే ఉంది!" అన్నాడు తవిటయ్య చెయ్యి కడుక్కుంటూ. "ఆ పొగ కాస్త మా ఇంటిదానికి పట్టుకెళ్ళగలిగితేనా!"

ఆ మాట అని, చెల్లెలి తల నిమిరి, అయిదింటి బస్సుకి బయల్దేరాడు.

బావ నోరు తెరిచి అడిగాడు, లేదంటే ఎలా? ఇంకేముంది, గవరయ్య గోనెసంచి తెచ్చాడు. సూరప్పడు పొగకంత మీద దాన్ని బోర్లించాడు. నిండిందనుకున్నాక మూతి బిగించి, ఇద్దరూ రోడ్డుకి పరిగెత్తారు. బస్సు ఇంకా రాలేదు.

"ఇదిగో బావా, పొగ!"

తవిటయ్య సంచి విప్పాడు. లోపలికి చూశాడు. బోర్లించి దులిపాడు. ఏమీ పడలేదు.

"దారిలో దిగిపోయిందన్నయ్యా!" అన్నాడు సూరప్పడు. ఇద్దరూ చుట్టూ వెతకడం మొదలెట్టారు. రాయి కింద చూశారు. కాలవలో చూశారు. బస్సు కోసం బల్ల మీద కూర్చున్న ఒక పెద్దమ్మ దగ్గరికొచ్చేసరికి ఠక్కున ఆగిపోయారు. ఆ పక్క ఊళ్ళల్లో పెద్దాళ్ళు కొందరు కాల్చినట్టే, ఆవిడా చుట్టని నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. చుట్ట పైకి సరిగా కనబడదు. ముక్కులోంచి మాత్రం సన్నగా, నీలంగా పొగ!

"దొరికింది! మన పొగ మింగేసింది!"

పెద్దమ్మ హడలిపోయి నోరు తెరిచింది. లోపల ఎర్రగా నిప్పు.

"ఓలమ్మో! రాజుగారిని కూడా ఎత్తుకొచ్చింది!" అన్నాడు సూరప్పడు.

బస్సొచ్చింది. తవిటయ్య నవ్వి నవ్వి నిలబడలేక, కండక్టరు చెయ్యి పట్టుకుని ఎక్కాడు. గవరయ్య మాత్రం నవ్వలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని పెద్దమ్మని కిందనుంచి పైదాకా చూశాడు. బుర్ర మళ్ళీ మెరిసింది.

"ఒరే తమ్ముడూ, ఈవిడని ఏమీ అనకు. నిప్పు ఉంది, పొగ ఉంది, మూత తనే వేసుకుంటుంది. ఇంత మంచి పొయ్యి ఎక్కడ దొరుకుద్దిరా? ఇంటికి తీసుకుపోదాం. రేపట్నుంచి మాంసం ఈవిడ నోట్లో పెడితే చాలు!"

పెద్దమ్మకి చెవుడు. రోజూ నోట్లో మాంసం పెడతామన్న మాట మాత్రం శుభ్రంగా వినబడింది. అంతే! చుట్ట నోట్లో సర్దుకుంది, తన సంచి తీసి సూరప్పడి నెత్తిన పెట్టింది, "మీ ఇల్లు ఎటు నాయనా?" అంటూ వాళ్ళకంటే ముందు నడిచింది.