నూటికి నూరు వచ్చిన ఫొటోలు

నీలాంబికకు చిక్కంతా నూట పన్నెండు తాటాకుల దగ్గర వచ్చిపడింది.

తుంగభద్ర ఒడ్డున మరుళయ్యస్వామి మఠంలో పాత తాటాకు గ్రంథాలకు ఫొటోలు తీసే పని ఆమెది. ఫొటోలు బాగా వచ్చాయని ఆమె ఒక్క మాట అంటే చాలు, పాడైపోతున్న ఆకులను వాటి సొంతదారు నదిలో కలిపేస్తాడు. అక్షరమున్న ఆకును చెత్తలో వేయకూడదని ఆ వైపు ఆచారం.

ఈసారి వచ్చింది రుద్రప్ప ఇంటి కట్ట. వాళ్ల ముత్తాత పశువులకు ఇచ్చిన మందులన్నీ అందులో ఉన్నాయి. మరో ప్రతి ఎక్కడా లేదు.

నీలాంబిక ఫోనుతో ఫొటోలు తీసి, మెసేజీల్లో కంప్యూటరుకు పంపుకుంది. ఫోను నిండిపోయిందని అందులోవి చెరిపేసింది. తీరా చూస్తే, మెసేజీల్లో వచ్చే దారిలోనే ఫొటోలు కుదించుకుపోయి మసకబారాయి. ఫొటో ఫైలు లోపల కొన్ని వివరాలు ఉంటాయి కదా, ఏ కెమెరా తీసింది, వెడల్పు ఎన్ని పిక్సెళ్లు, ఎంత నాణ్యతతో భద్రపరిచారు అని. అక్కడ నాణ్యత నూటికి అరవై అని తేలింది.

ఒక పూటంతా దిగులుపడ్డాక ఆమెకు ఉపాయం తట్టింది. ఒక్కో ఫొటోనూ తెరిచి, నాణ్యత నూరు అని పెట్టి మళ్లీ భద్రపరిచింది. ఇప్పుడు ఏ ఫైలు చూసినా నూరే. ఫైలు సైజు కూడా మూడింతలైంది. ఆమె గుండె కుదుటపడింది.

మర్నాడు పొద్దున్నే రుద్రప్ప ఆకులు తీసుకుపోవడానికి ఖాళీ బుట్ట పట్టుకుని మఠానికి వచ్చాడు.

"ఏమ్మా, అయిపోయినట్టేనా? నదికి పోయి మళ్లీ చేనికాడికి పోవాల."

"అయిపోయింది రుద్రప్పన్నా. నూటికి నూరు."

"మా ఇంట్లో నూరు తెచ్చుకున్నోళ్లే లేరు. మా ముత్తాతకు ఇప్పటికి దక్కింది."

పక్కనే ఉన్న మరుళయ్యస్వామి కళ్లజోడు సర్దుకుని కంప్యూటరు తెర వైపు వంగారు. "నిన్న అరవై అన్నావు గదా తల్లీ?"

"నేనే నూరు చేశాను స్వామీ. ఫైలే చెబుతోంది, చూడండి."

ఆయన లేచి అర దగ్గరికి వెళ్లారు. అందులోంచి వేరే పశువైద్య గ్రంథపు ఆకొకటి తీశారు. పూర్వం ఎవరో పురుగు తిన్న పుస్తకం చూసి రాసుకున్న ప్రతి అది. అక్షరం పోయినచోట ఊహించి రాయకుండా, చుక్కలు పెట్టి వదిలేయడం ఆ రాసేవాళ్ల పద్ధతి.

స్వామి ఆ ఆకును చూస్తూ కాగితం మీద తీరిగ్గా నాలుగు వరుసలు రాశారు. రుద్రప్ప రెండుసార్లు ఎండ వైపు చూశాడు.

"నా దస్తూరీకి ఎన్ని మార్కులు వేస్తావమ్మా?"

"అచ్చు గుద్దినట్టుంది స్వామీ. నూటికి నూరు."

"అయితే మూడో వరుస చదువు."

"దూడకు కడుపు ఉబ్బినప్పుడు..." నీలాంబిక ఆగిపోయింది. "ఇక్కడ చుక్కలున్నాయి స్వామీ."

"ఎంత గుండ్రంగా పెట్టానో చూశావా? వాటికీ కలిపే వేశావుగా నూరు."

రుద్రప్ప పకపకా నవ్వాడు. "ఆ మందు తాగిన దూడ బతికినట్టే స్వామీ."

నీలాంబిక నవ్వలేదు. కంప్యూటరు దగ్గరికి వెళ్లి ముప్పయ్యో ఆకు ఫొటో తెరిచింది. మందు ఎంత పొయ్యాలో చెప్పే అంకె దగ్గర పెద్దది చేసి చూసింది. అంకె లేదు. బూడిదరంగు ముద్ద ఉంది. పక్కన వివరాల్లో మాత్రం నూరు అనే ఉంది. అది అబద్ధం చెప్పలేదు. ఆ ముద్దను ఆమె ఎంత జాగ్రత్తగా భద్రపరిచిందో అదే చెబుతోంది.

ఆమె లేచి వచ్చి రుద్రప్ప ముందు నిలబడింది.

"అన్నా, ఆకులు నదిలో కలపొద్దు. ఫొటోలు పాడయ్యాయి. తప్పు నాదే. మళ్లీ తీయాలి."

రుద్రప్ప స్వామి మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. "ఎన్ని దినాలు?"

"నాలుగు."

"నాలుగు దినాల్లో నది యాడికి పోతాది లేమ్మా." బుట్ట అరుగు మీద పెట్టి చేనికి వెళ్లిపోయాడు.

ఈసారి మెసేజీల్లో పంపే పని లేకుండా, నీలాంబిక లోపలికి వెళ్లి ఫోనును కంప్యూటరుకు కలిపే తీగ వెతికి తెచ్చింది. నల్లగుడ్డ పరిచింది.

స్వామి కట్ట తాడు విప్పి, మొదటి ఆకు ఆమె చేతిలో పెట్టారు.

"వెలుతురు బాగుంది. కానివ్వు తల్లీ."