పెదాలు కదిపే వరస

కోటిలింగం మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరన్న సంగతి పెద్దాపురంలో ఆయన శిష్యులందరికీ తెలుసు. రాగం గురించి అడిగితే పాడి చూపిస్తారు. బతుకు గురించి అడిగితే ఏదో ఒక పని పురమాయిస్తారు. వాదన మాత్రం చెయ్యరు. వాదించి నెగ్గినవాడెవడూ ఇంటికెళ్ళి సాధన చెయ్యడని ఆయన నమ్మకం. హైమవతి ఒక శనివారం మధ్యాహ్నం కారాలు మిరియాలు నూరుకుంటూ ఆయన వరండాలోకి వచ్చి పడినప్పుడు ఈ సంగతి ఆమెకీ తెలుసు. కోపంలో మరిచిపోయింది.

హైమవతి చిన్నప్పుడు ఆయన దగ్గరే సరళీ వరసలు మొదలుపెట్టింది. పెద్దయ్యాక ఆ ఊరి హైస్కూల్లోనే సంగీతం టీచరుగా చేరింది. ఆరు నుంచి పది దాకా ప్రతి తరగతికీ వారానికొక సంగీతం పీరియడు. ఆ పీరియడు సుఖం బడుల్లో పనిచేసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఇన్‌స్పెక్షన్ వస్తే ఎగిరిపోయేది అదే. లెక్కల సిలబస్ మిగిలిపోతే దాన్నే లాక్కుంటారు. వానకి గ్రౌండు తడిస్తే డ్రిల్లు పిల్లలంతా ఆ గదిలోకే చేరతారు. కూరలో కరివేపాకు నయం, దాన్ని తీసి పారేసేముందు పోపులో అయినా వేస్తారు. వార్షికోత్సవానికి ప్రార్థన కావలసి వచ్చినప్పుడు మాత్రం అందరికీ హైమవతి పేరు గుర్తుకొస్తుంది.

ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున ఓర్చుకుంది. ఇప్పుడు కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు ధర్మారావు గారు తొమ్మిది, పది తరగతులకి సంగీతమే తీసేసి, ఆ గంటలు లెక్కలకి ఇచ్చేస్తానన్నారు.

"ఎనిమిది దాకా చెప్పుకోండి చాలు, అన్నాడు మాస్టారూ! ఆ తరవాత గొంతులు పాడయ్యే వయసట. పరీక్షల వయసట. ఎందుకొచ్చిన అవస్థ అంటాడు. ఏదైనా చెప్పుకోవాలంటే సోమవారం సాయంత్రం లోపల చెప్పుకోవాలట, మర్నాటి నుంచి కొత్త టైంటేబులట!" చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి గుమ్మంలోనే నిలబడింది. "మీరే చెప్పండి. హైస్కూలు ఆఖరిదాకా పిల్లలకి సంగీతం చెప్పాలా, అక్కర్లేదా? చెప్పాలంటే వెళ్ళి వీధికెక్కి పోట్లాడతాను. అక్కర్లేదంటే ఆ ఉద్యోగం వాడి మొహాన కొట్టి వచ్చేస్తాను."

మాస్టారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. చేతిలో కాయ పూర్తి చేసి పళ్ళెంలో వేశారు. తరవాత, "సోమవారం మీ బడికి వస్తాను. తొమ్మిదో తరగతి చేత పాడించు. ఆయన్ని కూడా కూచోబెట్టు" అన్నారు.

హైమవతికి ఏనుగెక్కినంత సంబరమైంది. మాస్టారంటే ఊళ్ళో అందరికీ భయమూ భక్తీ. ఆయన వచ్చి నాలుగు మాటలు అంటే హెడ్మాస్టరు మారు మాట్లాడలేడు. ఆదివారమంతా ఆ నాలుగు మాటలూ ఏమై ఉంటాయా అని ఊహించుకుంటూ గడిపింది.

సోమవారం సంగీతం గదిలో రెండు కుర్చీలు వేయించింది. పిల్లల్ని నేల మీద వరసలుగా కూచోబెట్టింది. ముందు వరసలో ఝాన్సీ, ఆమె జట్టు ఆడపిల్లలు. జిల్లా పోటీల్లో బహుమతి తెచ్చిన గొంతులు అవి. వెనక గోడకి ఆనుకుని మగపిల్లలు. మధ్యలో బల్ల మీద ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె మోగుతోంది. ధర్మారావు గారు గడియారం చూసుకుంటూ వచ్చి కూచున్నారు. మాస్టారు కర్ర పక్కన పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

పిల్లలు జంట వరసలు పాడారు, తరవాత గీతం అందుకున్నారు. పొరపాటు లేదు, తడబాటు లేదు. హైమవతి తాళం వేస్తూ హెడ్మాస్టరు వంక చూసింది, ఇప్పుడేమంటావు అన్నట్టు. ఆయన తల కూడా చిన్నగా ఊగుతోంది.

మాస్టారు కళ్ళు తెరిచి కర్ర అందుకున్నారు. పాట ఆపొద్దని సైగ చేసి వరసల మధ్యకి నడిచారు. ఒక్కొక్కరి దగ్గరా వంగి చెవి పెట్టి వింటూ వెనక్కి వెళ్ళారు. గోడ దగ్గరికి చేరాక ఆగిపోయారు. అక్కడ ఒక పొడుగాటి కుర్రాడు మహా శ్రద్ధగా నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. వాడి పక్కవాడూ అంతే. ఆ పక్కవాడూ అంతే.

"నీ పేరేమిట్రా?"

"నూకరాజండి."

"నోరు కదుపుతున్నావు. గొంతేదీ?"

పాట ఆగిపోయింది. నూకరాజు టీచరు వంక చూసి, నేల వంక చూసి, బొంగురు గొంతుతో చెప్పాడు. "గొంతు మారిపోయిందండి. అందరిలో కలిస్తే పాట చెడిపోతుందని టీచర్ గారు వద్దన్నారండి. వరస నిండుగా కనపడాలి కదండీ, ఊరికే పెదాలు కదపమన్నారండి."

"ఎప్పటినుంచి?"

"ఎనిమిదో తరగతి నుంచండి. ఈ వరస వరసంతా అంతేనండి."

వాడి మాటలో ఫిర్యాదు లేదు. చెప్పిన పని చేస్తున్నానన్న వినయమే ఉంది. ఆ వినయం వింటే ఒళ్ళు మండాలి, మండకపోతే మనిషి జన్మ కాదు. మాస్టారి మొహం జేవురించింది. హైమవతికి మాత్రం ముందు కోపం వచ్చింది కుర్రాడి మీదే. సమయం సందర్భం లేకుండా నోరు జారతాడా వెధవ, అనుకుంది.

ధర్మారావు గారు పకపకా నవ్వారు. "చూశారా మాస్టారూ! గొంతులు పాడయ్యే వయసని నేనంటే ఈవిడ నా మీద యుద్ధానికొచ్చారు. ఏమ్మా టీచర్ గారూ, మీరు గదిలో మానిపించారు, నేను టైంటేబుల్లో మానిపించాను. నేను చేస్తే పాపమూ, మీరు చేస్తే శ్రుతిశుద్ధమూనా?"

హైమవతికి తల కొట్టేసినట్టయింది.

"మీరాగండి. మీ వంతూ ఉంది" అన్నారు మాస్టారు. ఆ గొంతుకి నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. ఆయన బల్ల దగ్గరికి వచ్చి శ్రుతిపెట్టె చేతిలోకి తీసుకున్నారు. శ్రుతి మార్చే మర కదలకుండా దాని మీద ఒక మందు ప్లాస్టరు అతికించి ఉంది.

"దీనికేం దెబ్బ తగిలిందని?"

"పిల్లలు ఊరికే తిప్పేస్తున్నారని అంటించానండి" అంది హైమవతి నెమ్మదిగా. "పోటీకి అయిదు శ్రుతి బాగా కుదిరిందండి. అదే ఉంచేశాను."

"ఎవరికి కుదిరింది?"

మాస్టారు గోటితో ప్లాస్టరు పరపరా పీకి కింద పారేశారు. నూకరాజుని లేపి, "స అనరా" అన్నారు. వాడి గొంతు రెండుగా చీలి, పైనొకటీ కిందొకటీ పలికింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు కర్రతో నేల మీద ఒక్క పోటు పొడిచారు. గది సద్దుమణిగింది. ఆయన మర కాస్త కిందికి తిప్పారు. "మళ్ళీ అను." వాడు అన్నాడు. ఇంకా కిందికి తిప్పారు. "మళ్ళీ." వాడి చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా ఆయన వదల్లేదు. శ్రుతి ఇంకాస్త దిగింది. అప్పుడు వాడి గొంతు చీకట్లో కాలికి మెట్టు తగిలినట్టు ఠక్కున స మీద నిలిచింది. నిలిచి, కదలకుండా అక్కడే ఉంది. వాడే తెల్లబోయాడు.

"అందరూ లేవండి, వెనకవాళ్ళు. గీతం."

ఇన్నాళ్ళూ పెదాలు కదిపిన వరస పాడింది. సాహిత్యం ఒక్క అక్షరం తప్పలేదు. పాడొద్దన్నా ప్రతి పాఠమూ లోపల లోపలే నేర్చుకుంటూ వచ్చారు వాళ్ళు. మోటుగా ఉంది, గరుగ్గా ఉంది, కానీ శ్రుతిలో ఉంది. కిటికీ రెక్కలు అదిరాయి. ధర్మారావు గారు గడియారం చూడడం మానేశారు.

కొత్త శ్రుతిలో ముందు వరసకి దారి తెలియలేదు. పై స్థాయిలో అందుకుంటే కీచుమంటోంది, కింది స్థాయిలో అందుకుంటే ఊపిరి తప్ప ఏమీ రావడం లేదు. ఒక్కొక్కరే ఆగిపోయారు. జిల్లా బహుమతి తెచ్చిన ఝాన్సీ కూడా ఆగిపోయింది.

హైమవతి ఉండబట్టలేక అంది. "మాస్టారూ, ఆడపిల్లలకి అందడం లేదండి."

"వాళ్ళని పెదాలు కదపమను."

హైమవతికి చెంప మీద కొట్టినట్టయింది. ఆమె తేరుకునేలోపలే ఝాన్సీ దిగ్గున లేచి నిలబడింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. "ఎందుకు కదపాలండీ ఊరికే? మాకు గొంతుల్లేవా? మాకందే శ్రుతి పెడితే మేం పాడమా?"

పెద్దవాళ్ళ ఎదుట అలా మాట్లాడడం తప్పే. మాస్టారు ఆ పిల్లని ఏమీ అనలేదు. హైమవతి కేసి మాత్రం చూశారు, చూస్తూనే ఉన్నారు.

ఝాన్సీ కోపం చూస్తే హైమవతికి గుండె కలుక్కుమంది. ఆ పిల్లకి ఒక్క పాట కాలం నోరు మూయమంటే అంత రోషం వచ్చింది. వెనక వరసకి ఇన్నాళ్ళలో ఒక్కసారీ రాలేదు. రాకుండా వాళ్ళకి అలవాటు చేసింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. గొంతు మారడమంటే పాడైపోవడమని వాళ్ళకి మొదట నేర్పింది హెడ్మాస్టరు కాదు. ఆయన మీద రెండు రోజులుగా రగులుతున్న కోపమంతా తిరిగి తన మీదికే వచ్చింది, ఎక్కడా చల్లారలేదు.

ధర్మారావు గారు లేచారు. ఈసారి నవ్వలేదు. "సాయంత్రం గదికి రండి టీచర్ గారూ. మీరు చెప్పుకునేదేదైనా ఉంటే వింటాను. లేకపోతే రేపటి నుంచి లెక్కల మాస్టారు వస్తారు" అని వెళ్ళిపోయారు.

హైమవతి మాస్టారిని గేటు దాకా సాగనంపింది. ఆటో ఎక్కబోతుంటే ఆమె ఆయన కండువా అంచు పట్టుకుని, ఏడుపూ ఉక్రోషమూ కలిసిన గొంతుతో, "అడిగినదానికి జవాబు చెప్పకుండా వెళ్ళిపోతున్నారు. ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని పోట్లాడనండీ?" అంది.

మాస్టారు ఆటోలో సర్దుకుని కూచుని, కర్ర ఒళ్ళో పెట్టుకున్నారు.

"పోట్లాడు. గట్టిగానే పోట్లాడు. ఆయన గదికి మాత్రం ముందు వరసని కాదు, వెనక వరసని వెంట తీసుకెళ్ళు."