ఏటి గట్టున ఇత్తడి ఫిరంగి

అనగనగా ఒక ఏరు. ఏటికి ఇటు కంపరాజు, అటు ఆయన వియ్యంకుడు నరసరాజు. కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ కావాలంటారు. వీళ్ళకు రెండూ కుదిరాయి. ఏటి నడుమ తేలిన చిన్న లంక నాదంటే నాదని తగువుపడి, రాకపోకలే మాన్పించారు.

కంపరాజు ఇంటింటి బిందెలూ గంగాళాలూ లాక్కుని, కరిగించి, పెద్ద ఫిరంగి పోయించాడు. దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టించాడు. ప్రాణాలు తీసేదానికి పేరంటం, చూశారా పిల్లలూ!

ఆ ఊళ్ళో సన్నమ్మ అనే ముసలి మంత్రసాని ఉండేది. రెండు గట్ల బిడ్డలూ ఆమె చేతుల్లోనే పుట్టారు. ఆమె కొలువుకు వెళ్ళి, "అయ్యా, ఆ ఫిరంగి వద్దు. నేను నీళ్ళు పోసిన పిల్లల్ని చంపొద్దు" అంది. సభంతా నవ్వింది. రెండోసారి ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళను కూడగట్టి, కోట వాకిట కూర్చుంది. భటులు ఈడ్చి పారేశారు. అయినా సన్నమ్మ పట్టు విడవలేదు.

ఒక ఉదయం ఆవలి గట్టు నుంచి తెర కట్టిన పడవ బయల్దేరింది.

"తెర వెనక సైనికులున్నారు! కాల్చండి!" అని రాజు అరిచాడు.

సన్నమ్మ పరుగున వచ్చి, ఫిరంగి నోటికి వీపు ఆనించి నిలబడింది. కాల్చేవాడు వెనక్కి తగ్గాడు. వాడికి బొడ్డు కోసిందీ ఆమే. "నా వల్ల కాదు ప్రభూ" అని కాగడా కింద పెట్టేశాడు. దాన్ని రాజే అందుకున్నాడు. అవును, సాక్షాత్తూ రాజే! ఒక ముసలమ్మ మీదికి!

అంతలో పడవలోంచి కేక వినబడింది. "నాన్నా!"

కాగడా జారి ఇసుకలో పడింది. తెర తొలగించి చూస్తున్నది నిండు చూలాలు, రాజు కూతురు కనకవల్లి. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అత్తింటివారిని బతిమాలి వచ్చింది. ఊరందరికీ తెలిసిన ఆచారమే. కన్నతండ్రికే గుర్తు రాలేదు. ఎంత ఘోరం!

రాజుకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఇంతలో పడవ గట్టుకు చేరింది. రాజు సన్నమ్మ వైపు తిరిగి, "పడవలో ఉన్నది నా బిడ్డేనని నీకు తెలుసా అవ్వా?" అన్నాడు.

"తెలియదయ్యా. ఎవరో ఒకరి బిడ్డే కదా అనుకున్నాను" అంది సన్నమ్మ, కొంగు నడుముకు దోపుకుంటూ. "ఇక తప్పుకోండి. అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి."

పురుటి స్నానం నాటికి ఫిరంగి కరిగి, మళ్ళీ గంగాళాలై ఇళ్ళకు చేరింది. మనవడికి నీళ్ళు పోస్తుంటే చూస్తూ రాజు ఇంకా వణుకుతూనే ఉన్నాడు.

పరాయి బిడ్డ మీద ఎత్తిన ఆయుధం మన బిడ్డనూ విడిచిపెట్టదు.