తెల్లబట్టల ఆట

"గురువుగారూ, సొంతంగా బడి పెట్టుకోవడానికి నాకు ఎప్పుడు అనుమతిస్తారు?" అని వల్దీర్ అడిగాడు. యుసేబియో గురువు విననట్టే కూర్చుని తన ఒంటితీగ వాయిద్యానికి తీగ బిగించుకుంటున్నాడు. ఆయనంతే. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పడు, ఆటకు పిలుస్తాడు.

బ్రెజిల్ దేశంలో వాళ్లుండే రేవుపట్నంలో ఆడే ఆ ఆట పేరు కపోయిరా. అది పోట్లాటా నాట్యమా అంటే రెండూనూ. జనం గుండ్రంగా చేరి పాడుతుంటే మధ్యలో ఇద్దరు ఒకరి మీదికొకరు కాళ్లు విసురుతారు, తగలనివ్వరు. చేతులూ పాదాలూ తలా తప్ప ఒంట్లో ఇంకేదీ నేలకు ఆనకూడదు. అందుకే ఆదివారాలు తెల్లబట్టలతో దిగుతారు. మట్టి అంటకుండా బయటికొచ్చినవాడే ఆటగాడు. వల్దీర్ ప్యాంటుకు ఏళ్ల తరబడి మరక లేదు. ఆ సంగతి వాడు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకునేవాడు. పాపం, వాడి తొందరలోనూ అర్థముంది. కొండవాడలో పిల్లలు వాడి కోసం కాచుక్కూర్చున్నారు. గురువు ఊ అననిదే వాడు ఎవరికీ నేర్పకూడదు.

ఆ ఆదివారం గురువు వాడికి జోడీగా నజరెను పిలిచాడు. చేపలమ్ముకునే ఆవిడ, ఆటకు బొత్తిగా కొత్త. పైగా అప్పుడే వాన వెలిసి వాకిలంతా బురదగా ఉంది. వల్దీర్ మొహం మాడ్చుకునే దిగాడు.

దిగాక మాత్రం బాగా ఆడాడు. వాడు విసిరిన కాలు తప్పించుకోబోయి నజరె జారింది. వెనక రాతిమెట్టు ఉంది. వల్దీర్ ఏమీ ఆలోచించలేదు, మోకాళ్ల మీద బురదలోకి పడి ఆవిడ తల కింద చేతులు పెట్టేశాడు.

పాట ఆగిపోయింది. నజరె లేచి, నా మూలాన ఓడిపోయావు బాబూ అని నొచ్చుకుంది. వల్దీర్ తన ప్యాంటు చూసుకున్నాడు. నడుం దాకా బురదే. అంతమందిలో పరువు పోయిందనీ, ఇక బడి సంగతి మరిచిపోవడమే మంచిదనీ అనుకుంటే వాడికి ఏడుపొచ్చింది.

తల దించుకుని గురువు దగ్గరికి వెళ్లాడు.

"ఇంకొన్నేళ్లు మీ దగ్గరే నేర్చుకుంటానండీ," అన్నాడు.

గురువు తీగ మీద నుంచి చెయ్యి తీశాడు.

"ఎందుకురా? కొండవాడ పిల్లలు కిందపడరా ఏమిటి?"