మరరాయిలో మిగతా సగం

పూర్వం జర్మనీ దేశంలో, ఒక వాగు ఒడ్డున మూడే మూడిళ్ల పల్లె ఉండేది. వాగునీటితో తిరిగే పిండిమర ఉంది కాబట్టే ఆ పల్లె ఉంది. ఆ మరను నడిపేది ఒడీలియా అనే ముసలావిడ.

ఆ సీమ దొర కాన్రాడుకి చేపల చెరువు మీద మనసైంది. పల్లెను ముంచితే గానీ చెరువు కుదరదు. ఆయన మర ముందు నిలబడి, జనమంతా వింటుండగా దర్జాగా మాటిచ్చాడు.

"నేనేం కఠినాత్ముణ్ణి కాను. మీ సొత్తు చివరి ముక్కదాకా మీ చేతికొచ్చాకే నీళ్లు వదులుతాను. ఇది నా ప్రమాణం."

ఒడీలియా దొరను లోపలికి తీసుకెళ్లి మరరాయి చూపించింది.

"మా తాత బిగించిన రోజున ఇది రెండు జానల మందం దొరా. ఇప్పుడు జానెడే ఉంది. మిగతా సగం ఇప్పించండి, వెళ్లిపోతాం."

"అరిగిపోయిన రాయిని నేనెక్కణ్ణుంచి తేను?"

"అరిగింది పిండిలోనే కలిసింది కదా! మీ తాతగారు తిన్నారు, మీ నాన్నగారు తిన్నారు. మీకు పళ్లు రాకముందు మీ అమ్మగారు జావ కాచి పట్టిన పిండీ ఇక్కడిదే. మా సొత్తు మీ ఒంట్లోనే ఉంది."

గుమ్మంలో జనం నవ్వు ఆపుకున్నారు. దొరకు కోపం రావాల్సింది, రాలేదు. చిన్నప్పుడే పోయిన తల్లి గుర్తొచ్చింది. ఆ రాయి మీద అరచెయ్యి ఆనించాడు.

చెరువు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ తరవాత ఎప్పుడైనా భోజనంలో దొర పంటికింద రాతిరవ్వ కటుక్కుమంటే వంటవాళ్లు బిగుసుకుపోయేవాళ్లు. ఆయన మాత్రం ఉమ్మకుండా, మెల్లగా మింగేవాడు.